రెండు తెల్ల వెంట్రుకలు

కాక పోయాడన్న కబురు నాకు దుబాయ్ కరామాలోని ఒక హోటల్లో, మూడో ఇడ్లీకీ నాలుగో ఇడ్లీకీ మధ్య అందింది. చెప్పినవాడు కాక ఊరి పక్క ఊరివాడు. సెలవు నుంచి ఆ వారమే తిరిగొచ్చాడు. "గా పరంజా కాక లేడూ, పోయిన వానకాలం జరమచ్చి సచ్చిపోయిండు" అని చెప్పి, చట్నీ గిన్నె తన వైపు జరుపుకున్నాడు. నేను ఇడ్లీని పళ్లెంలో వదిలి లేచే మనిషిని కాను. మా నాన్న పోయిన కబురొచ్చిన రోజు కూడా ముందు టిఫిన్ పూర్తి చేశాననీ, ఆ తర్వాతే ఏడ్చాననీ మా బంధువర్గంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ నాలుగో ఇడ్లీ మాత్రం ఆ రోజు అలాగే ఉండిపోయింది.

జెబెల్ అలీలో రేవు కడుతున్న రోజుల్లో ఆయన నాకు పరిచయం. ఇప్పుడక్కడ ఫ్రీ జోన్ అంటున్నారు గానీ, అప్పుడు అక్కడ ఊరికే దొరికేది ఇసుక ఒక్కటే. ఎండ ఎంతటిదంటే, మా క్యాంపులో బల్లి గోడ దిగాలంటే ముందు ఎవరి చెప్పులైనా ఎరువడిగేది. సైటులో నాలుగు వందల మంది. వాళ్లలో సగం మంది కరీంనగర్, నిజామాబాద్ పల్లెలవాళ్లు. నేను టైమ్‌కీపర్ని, అంటే హాజరు పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగే గుమస్తాని. మా గదికి ఎనిమిది మంచాలు, ఒకదాని మీద ఒకటి. కింది మంచం కాకది, పైది నాది. నేను పక్కకు తిరిగినప్పుడల్లా కింద ఆయనకు భూకంపం వచ్చేది. పొద్దున లేచి ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

ఆయనను అందరూ కాక, అంటే చిన్నాన్న, అనే పిలిచేవారు. ఆయన కంటే పెద్దవాళ్లకూ కాకే. మా ఈజిప్టు ఫోర్‌మన్‌కూ కాకే. ఎవరో పఠాన్ లారీ డ్రైవర్ అయితే అది ఉద్యోగం పేరనుకుని, "ఇస్ సైట్ మే కాకా కౌన్ హై?" అని అడిగేవాడు. మనిషి పొడుగు, సన్నం. ఏ వస్తువునైనా ఎదురుగా చూసేవాడు కాదు. కోడి గింజను చూసినట్టు తల ఒక పక్కకు వంచి, ఒక కన్ను మూసి, రెండో కంటితో చూసేవాడు. చూసి తీర్పు చెప్పేవాడు. ఆయన లోకంలో తీర్పులు రెండే: పోతు, పెంటి. అంటే మగది, ఆడది.

చపాతీ మాడితే "ఇది పోతు." పొంగితే "ఇది పెంటి." ఎత్తు ఎక్కేటప్పుడు మొరాయించే లారీ పోతు. నీళ్ల ట్యాంకరు పెంటి. శనివారం పోతు, శుక్రవారం పెంటి. ఫోర్‌మన్ ఖాయంగా పోతు. కంపెనీ ముదీర్, అంటే మేనేజరు, ఆరడుగుల మీసాల లెబనాన్ మనిషి, ఆయనను కాక పెంటి అన్నాడు. ఎట్లా కాకా అని అడిగితే, "పోతు ఒర్లుతది బిడ్డా. పెంటి ఆలోచన జేస్తది. గాయన ఎన్నడన్న ఒర్లంగ ఇన్నవా?" అన్నాడు. మా గదిలో ఎనిమిది మందినీ అలాగే లెక్క తేల్చాడు. నన్ను ఏమన్నాడో ఇక్కడ రాయను.

ఈ విద్య ఆయనకు గంజాయి చేన్ల నుంచి వచ్చింది. అప్పట్లో సర్కారు కాగితమిచ్చి గంజాయి పండించుకోనిచ్చే చేన్లుండేవట. ఆ పంటకు ఒక ధర్మం ఉంది. చేనులో మగమొక్కలు ఉంటాయి, ఆడమొక్కలు ఉంటాయి. సరుకంతా ఆడమొక్క పూతలోనే. ఒక్క మగమొక్క మిగిలి పుప్పొడి రాల్చిందంటే చేనంతా గింజ పట్టి చెడిపోతుంది. అందుకని పూత విచ్చుకోకముందే మగవాటిని ఏరి పీకాలి. కానీ పూత రాకముందు ఏది మగో ఏది ఆడో మామూలు కంటికి తెలియదు. తెలిసిన కళ్లు కొన్ని ఉండేవి. అవి కాక తండ్రికి ఉండేవి, ఆ తర్వాత కాకకు వచ్చాయి. ఎనిమిది ఊళ్లవాళ్లు ఆయన కోసం బండి పంపేవారు. ఆయన చెప్పింది ఎనిమిదే. నా నోట అవి ముప్పై అయి చాలా ఏళ్లయింది.

చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని సాళ్ల మధ్య నడిచేవాడట. మొక్కను ముట్టుకునేవాడు కాదు. కాలి బొటనవేలితో చూపించేవాడు. వెనక వస్తున్న మనిషి పీకేవాడు. గట్టు మీద రైతు చేతులు కట్టుకుని నిలబడేవాడు. మధ్యాహ్నం ఆయన విస్తట్లోకి కోడి తొడ వచ్చేది. ఇక కోత రోజులు. కోసిన పూతను చాపల మీద పరిచి, పదిమంది ఒకే వాసం పట్టుకుని వరసగా కాళ్లతో తొక్కేవాళ్లట. "వారం దాక కాళ్లకు జిగురు పోకపోయేది బిడ్డా. ఇంట్లకు పోతె పీటలు కాళ్లకు అంటుకొని అచ్చేటియి. మీ చిన్నమ్మ నన్ను అరుగు మీదనే పండవెట్టేది."

"మరి నువ్వు ఎప్పుడన్న తాగినవా కాకా?"

"ముట్టలే. నాకు కండ్లు గావాలె గద."

సర్కారు కాగితాలు ఆపేసింది. చేన్లలోకి మక్కజొన్న వచ్చింది. మక్కజొన్నకు కాక అవసరం లేదు. యాభైకి దగ్గర పడుతుండగా దుబాయ్ వచ్చాడు, మామూలు కూలీగా.

వచ్చిన వారం రోజులకే ఒక సంగతి జరిగింది. గోడౌను గోడ కడుతున్నాం. గోడ పొడవునా పరంజా, అంటే గొట్టాలు నిలబెట్టి వాటి మీద చెక్కలు పరిచి మనుషులు నిలబడి పని చేసే మంచె. కాక కింద నిలబడి తల పక్కకు వంచి, బొటనవేలు పైకెత్తి ఒక చెక్కను చూపించి "గది పోతు" అన్నాడు. అందరూ నవ్వారు. గంట తర్వాత ఆ చెక్క రెండు సిమెంటు బస్తాలతో సహా విరిగి కిందికొచ్చింది. దాని మీద మనిషి లేకపోవడం ఎవరి పుణ్యమో తెలియదు.

ఆ రోజు నుంచి కాక బరువు మోయలేదు. తెల్లవారి ఆరింటికి చెప్పులు విడిచి, చేతులు వెనక్కి కట్టుకుని, పరంజా మీద ఈ కొస నుంచి ఆ కొసకు నడిచేవాడు. అనుమానం ఉన్న చెక్క దగ్గర ఆగి బొటనవేలితో చూపిస్తే వెనకవాడు దాన్ని కిందికి తోసేవాడు. కింద అరవై మంది తలలెత్తి చూస్తూ ఉండేవారు. ఆయన దిగి "మంచిగనె ఉంది" అంటేనే ఎక్కేవారు. ఫోర్‌మన్ యల్లా యల్లా అని గొంతు చించుకున్నా, కాక దిగందే ఒక్క కాలూ నిచ్చెన మీద పడేది కాదు. ఇంజనీర్ల డిగ్రీలన్నీ తక్కెడలో ఒక వైపు, కాక బొటనవేలు ఒక వైపు పెడితే, మా సైటులో వేలే బరువు.

పని అయ్యాక ఒకసారి క్యాంపు గేటు దగ్గర కూర్చుని బస్సులు దిగుతున్న జనాన్ని చూస్తున్నాడు. లుంగీలు, టవళ్లు, టిఫిను డబ్బాలు, అంతా మగజనమే. చాలాసేపు చూసి అన్నాడు. "ఊళ్లల్ల పోతులన్ని పీకి గీడ కుప్ప వోసిన్రు బిడ్డా." నేను పెద్దగా నవ్వాను. ఆయన నవ్వలేదు. నా నవ్వు అయిపోయేదాకా ఆగి లేచి వెళ్లిపోయాడు.

మూడో ఏడు ఎండాకాలం స్టోర్‌కీపర్ నా దగ్గరికొచ్చాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, ప్రతి మేకుకూ కన్నబిడ్డకున్నంత లెక్క. "ఏవండీ, మీ కాక చెక్కలు గానీ తింటున్నాడా? ఇదివరకు రోజుకు రెండో మూడో తోసేవాడు. ఇప్పుడు పాతిక తోస్తున్నాడు. నిన్న తోసినవాటిలో కొత్తవి కూడా ఉన్నాయండీ, ఇంకా వాసన పోలేదు."

మర్నాడు నేను ఆరింటికే వెళ్లి కింద నిలబడ్డాను. కాక నడుస్తున్నాడు. నడక అదే, చేతులు అలాగే వెనక్కి. కానీ తల వంచడం లేదు. పాదం ముందుకు జరిపి, వేళ్లతో చెక్కను తడిమి, నొక్కి, అప్పుడు బరువు వేస్తున్నాడు. ఆయన చూడటం లేదు. తొక్కుతున్నాడు. ఏ చెక్క మీద ఏ మాత్రం సందేహం కలిగినా తోయించేస్తున్నాడు.

ఆ సాయంత్రం మా గది వెనక్కి వెళ్లి అడిగాను. "కాకా, కండ్లు ఎట్లున్నయ్?"

ఆయన కూర్చోమని, ఏసీ నీళ్లు కారే చోట గోడ మూలకు చెయ్యి చాపాడు. అక్కడ జానెడు మొక్క ఒకటి ఉంది. "ఇదేందో ఎర్కనా?"

"పుంటికూర."

"తిని సూడు మల్ల. దునియ తలకిందులైతది."

నాకు అరికాళ్ల నుంచి చెమట పైకి పాకింది. చెమట సాధారణంగా కిందికి పాకుతుందని నాకూ తెలుసు. వంటాయన పావురాలు పెంచేవాడు. వాటి మేత బస్తా ఊడ్చి ఆ మూలలో పోసేవాడు. ఆ మేతలో ఏ దేశం గంజాయి గింజో ఒకటి కలిసి వచ్చి, ఏసీ నీళ్లు తాగి లేచింది. కాక దాన్ని కంటితో కాదు, వాసనతో కనిపెట్టాడు.

"కాకా, పీకెయ్. ఇది దొరికితె మనల్ని జైల్ల ఏస్తరు. ఏండ్లకేండ్లు. మనకు వీసా ఇచ్చిన కఫీల్ గూడ మనల్ని ఎరుకలేదంటడు."

"పీకుదామనె మూడుసార్లు అచ్చిన." ఆకును రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. "కండ్లల్ల మబ్బు కమ్మింది బిడ్డా. నాలుగు నెల్లాయె. పొద్దుగాల జెర నయం, ఎండల మొత్తం పాలు వోసినట్టుంటది. ఉన్నయా పోయినయా అని నన్ను నేనె అడుక్కుంటున్న. ఇగ గీ మొక్కనే చెప్తది. పూతకు ముందు నేనొక మాటంట. ఆ మాట నిలవడ్డదా, కండ్లు నా తాన్నే ఉన్నట్టు. నిలవడలేదా, ఫోర్‌మన్‌కు నేనె చెప్పి ఇంటికి పోత. అరవై మంది ఎక్కుతరు గద మీదికి."

"అప్పటిదాక?"

"అప్పటిదాక కాళ్లున్నయ్."

ఆ మాట విని నేను ఒప్పుకున్నాను. ఆ రోజు మా ఇద్దరికీ అది లోకంలో అన్నిటికంటే న్యాయమైన పరీక్షగా కనిపించింది.

మొక్క చుట్టూ తాడు కట్టి లుంగీలు ఆరేశాను. మా గది మగవాళ్లకు అంతకుముందు లేని శుభ్రత పట్టుకుంది. ఆరు లుంగీలు పగలూ రాత్రీ ఆరుతూనే ఉండేవి. ఎవరైనా మా గదిని దూరం నుంచి చూస్తే చాకిరేవనుకుని బట్టలు తెచ్చి పడేసేవారు. మొక్క మోకాలెత్తయింది, నడుమెత్తయింది. కాక దానికి గోనెపట్టా నీడ కట్టాడు. పని నుంచి రాగానే దాని దగ్గర కూర్చుని ఊరి సంగతులు చెప్పేవాడు. మా బోరు ఎండింది, మా బర్రె ఈనింది, అని. ఇంటినుంచి ఉత్తరం వస్తే నేను ఆయనకు చదివేవాణ్ని. ఆయన వెళ్లి దానికి చెప్పేవాడు.

ఒక శుక్రవారం లుంగీల మధ్య నుంచి స్టోర్‌కీపర్ తల దూర్చాడు. మొక్కను చూశాడు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

"గోంగూర! ఎంత దుర్మార్గులండీ మీరు. ఇన్నాళ్లూ ఇక్కడ పెట్టుకుని మాకు చెప్పకుండా తింటున్నారా? ఒక్క దోసెడు కోసుకుంటానండీ. మూడేళ్లయిందండీ పచ్చడి నాలిక మీద పెట్టి." చేతిలో అప్పటికే స్టీలు గిన్నె ఉంది.

కాక మొక్కకు అడ్డంగా నిలబడ్డాడు. నేను అందుకున్నాను. "ఇది మా వైపు పుంటికూర సార్, ముదురు రకం. పశువులకు పెడతాం. మనిషి తింటే మూడు రోజులు లేవలేడు."

"విరేచనాలా?"

"అంతకంటే పైన."

ఆయన గిన్నె తీసుకుని వెళ్లిపోయాడు గానీ, నమ్మి కాదు. మేము పిసినారులమని ఖాయం చేసుకుని వెళ్లాడు. ఆ తర్వాత నాకు కొత్త పెన్సిల్ ఇవ్వడానికి కూడా పాతది తెచ్చి చూపించమనేవాడు.

ఆగస్టులో కాక తీర్పు చెప్పాడు. పొద్దు పొడుపుకు వెళ్లి మొక్క ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలా నెలల తర్వాత ఆయన తల పక్కకు వంగడం చూశాను. ఒక కన్ను మూశాడు. మంత్రసాని కూడా అంత దగ్గరగా చూడదు. ఎండ మొక్క మీదికి వచ్చేదాకా చూసి, మోకాళ్ల మీద చేతులానించి లేచాడు.

"పెంటి. రాసి పెట్టుకో."

నిజంగానే రాసుకున్నాను, హాజరు పుస్తకం చివరి పేజీలో.

సెప్టెంబరు చివర ఒక సాయంత్రం నన్ను పిలిచాడు. "పూత అచ్చింది బిడ్డా. వేళ్లకు తగులుతున్నది గని ఏందో తెలుస్తలేదు. చేతులకు గూడ ఈ సిమెంటు వొట్టి కాయలు గట్టినయ్. నువ్వు సూడు. కణుపు కాడ రెండు తెల్ల వెంట్రుకలు లేస్తె పెంటి. సన్న సన్న గుత్తులు ఏలాడితె పోతు."

నేను వంగి చూశాను. ప్రతి కణుపు దగ్గరా గుత్తులు. జీలకర్ర గింజలంత మొగ్గలు, పచ్చగా, పొదుగులా వేలాడుతున్నాయి. మొక్క నిండా అవే. తెల్ల వెంట్రుక ఒక్కటీ లేదు.

కాక నా వైపు చెవి పెట్టి నిలబడ్డాడు. నేను ఆయనను చూశాను. ఊళ్లో ఎండిన బోరు, ఈనిన బర్రె, ఆయన కింది మంచం, నా కింద ఇంకొకడెవడో పడుకోవడం, అన్నీ ఒక్కసారి తోచాయి.

"వెంట్రుకలే కాకా."

"నిజంగ?"

"రెండు. తెల్లగ."

"ఎట్లున్నయ్?"

ఇక్కడ నేను నోరు మూసుకోవలసింది. "అద్దం లెక్క మెరుస్తున్నయ్ కాకా. మా మేనత్త గదుమ మీద ఉంటయ్ సూడు, గంత పొడుగు. గీడనే ఎందుకు, గేటు కాడ నిలవడ్డా కనబడుతయ్."

కాక "గేటు కాడికి కనబడుతయా" అన్నాడు మెల్లగా. తర్వాత నా భుజం తట్టి, "మంచిదాయె. నడువు, చాయ్ తాగుదాం" అన్నాడు. ఆ రోజు చాయ్ ఆయనే పోశాడు. నా గ్లాసు నిండి పొర్లేదాకా పోశాడు.

మర్నాడు ఆరింటికి అరవై మంది కింద నిలబడ్డారు. కాక చెప్పులు విడిచాడు. నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. పెట్టిన కాలు తీసి మళ్లీ ఇసుకలో ఆనించాడు.

"క్యా హువా కాకా?" అన్నాడు ఫోర్‌మన్.

"నై దిఖ్‌రా సాబ్. ఆంఖ్ ఖలాస్." కనబడటం లేదు, కళ్లు అయిపోయాయి అని.

ఎవరో నవ్వారు. ఫోర్‌మన్ కూడా నవ్వబోయి కాక ముఖం చూసి ఆగాడు. "కబ్ సే?"

"ఛే మహీనే."

కాంక్రీటు కలిపే మిషను ఒక్కటే తిరుగుతోంది. అరవై మంది తలలెత్తి పరంజాను చూశారు. ఆరు నెలలుగా తాము దేని మీద నిలబడ్డారో అప్పుడే చూస్తున్నట్టు చూశారు. ఎవరూ ఆయనను ఒక్క మాట అనలేదు. ఒక ముసలి మేస్త్రీ వచ్చి, ఆయన చెప్పులు తీసి ఆయన పాదాల దగ్గర పెట్టాడు.

ఆ సాయంత్రం కాక మొక్కను ఒక్క గుంజుతో పీకాడు. వేళ్లతో కాండం మొదలు తాకి, ఆ వేళ్లు కళ్లకు అద్దుకున్నాడు. ఊళ్లో ప్రతి మొక్కకూ అలాగే చేసేవాడట. దాన్ని చుట్టి గోనెలో పెట్టి, మర్నాడు ఇంకో కొత్త గోడౌను పునాదిలో కాంక్రీటు పోస్తుంటే అందులో పడేశాం. ఆ గోడౌను ఇప్పటికీ ఉంది.

"నీకెట్ల తెలిసింది కాకా?" అని అడిగాను.

"నువ్వు మస్తు పొడుగు చెప్పినవ్ బిడ్డా. గా వెంట్రుకలు కండ్లున్నోనికే సక్కగ కనవడయ్. రెండున్నయ్ అని ఊకుంటె నమ్ముదును." కాస్త ఆగి, "నమ్మి పొద్దుగాల ఎక్కుదును" అన్నాడు.

ఆ రోజు నేను హాజరు పుస్తకం తెరవలేకపోయాను. అందులో పరంజా ఎక్కే ఆ అరవై మంది పేర్లు ఉన్నాయి, అన్నీ నా చేత్తో రాసినవే.

పది రోజుల్లో టికెట్ ఇచ్చి పంపించేశారు. విమానాశ్రయంలో నా మోచెయ్యి పట్టుకుని నడిచాడు. జనం మధ్య ఒకచోట ఆగి, బొటనవేలితో నేలను తడిమి, "ఇది మస్తు నున్నగున్నది" అన్నాడు. అదే ఆయన ఆ దేశం గురించి చివరిసారి అన్న మాట.

రెండేళ్ల తర్వాత నా కంట్లో ఇసుక పడి దుబాయ్‌లో ఆసుపత్రికి వెళ్లాను. అక్కడి నర్సు గోదావరి వైపు అమ్మాయి. కన్ను కడుగుతున్నంతసేపూ ఆమెను నవ్వించాలని కాక కథ, మొక్క కథ, గోంగూర కథ అన్నీ చెప్పాను. ఆమె నవ్వలేదు.

"పాలు పోసినట్టు అన్నారా? శుక్లాలై ఉంటాయండీ. కోసి తీసేస్తారు. పెద్ద పని కూడా కాదు. మా ఊళ్లో చర్చివాళ్లు క్యాంపు పెట్టి ఊరికే చేస్తారు. నెలల తరబడి మొక్క దగ్గర కూర్చోబెట్టారా ఆయన్ని? ఒక్కరోజు ఇక్కడికి తీసుకురావలసిందండీ."

నాలుగు వందల మందిమి. మాలో ఒకడికి పాము మంత్రం తెలుసు, ఒకడికి అరబ్బీ తెలుసు, నాకు ఇంగ్లీషు తెలుసు. కళ్లకు డాక్టరు ఉంటాడన్న సంగతి ఒక్కడికీ తట్టలేదు.

ఆ రోజే కాకకు ఉత్తరం రాశాను. పదకొండు పేజీలు. గంటలో అయిపోయే పని, చీమ కుట్టినంత నొప్పి కూడా ఉండదు, కట్టు విప్పాక ఆకాశంలో గద్ద ముక్కు మీద ఈగ వాలినా కనిపిస్తుంది, అని రాశాను. జవాబు రాలేదు. ఆయనకు రాయడం రాదు కదా అని సరిపెట్టుకున్నాను. ఆ తర్వాత బతుకు నన్ను షార్జాకూ కరామాకూ తిప్పింది. మళ్లీ రాయలేదు.

కబురు తెలిసిన తర్వాత వచ్చిన సెలవులో ఆయన ఊరు వెళ్లాను. చిన్నమ్మ అరుగు మీద బీడీలు చుడుతోంది. ఒళ్లో చేట, చేటలో తునికాకు, చేతిలో కత్తెర. నేనెవరో చెప్పగానే "ఉత్తరం రాసినోనివా కొడుకా" అంది.

"అందిందా చిన్నమ్మా?"

"అందకేం. పోస్టాయన సదివిండు. మీ కాక రెండుసార్లు సదివిచ్చుకున్నడు. గద్ద ముక్కు మీద ఈగ కాడికి రాంగనె పొట్టచెక్కలయ్యేటట్టు నవ్విండు." ఆమె ఆకు కత్తిరిస్తూనే ఉంది. "'వీనికి నా మీద పాయిరం ఎక్కువనే. అప్పుడు గిట్లనె నన్ను ఉంచుకోవాలని పొడుగు చెప్పిండు, మల్ల ఇప్పుడు గిట్లనె చెప్తున్నడు' అన్నడు. నీ ఉత్తరం సచ్చేదాక అంగి జేబులనే ఉండె."

నేను అరుగు అంచున కూర్చున్నాను.

"మా తమ్ముడు బండి గట్టుకొని అచ్చిండు, జగిత్యాల కాడ కండ్ల క్యాంపు వెట్టిన్రు, తోల్కపోత అని. పోలే. 'నా కండ్ల పరీచ్చ అయిపోయింది, అండ్ల నేను తప్పిన' అన్నడు. ఎనిమిదేండ్లు చెయ్యి వట్టి తిప్పిన కొడుకా. బాయికాడికి, బయటికి, అంతట."

కత్తెర ఆగింది.

"ఒక్కటడుగుత, నిజం చెప్పు. గది నిజంగనె గంటల అయ్యే పనేనా? పోతె సూపు అచ్చుండెనా?"

ఆమె ముఖం నా వైపు తిరిగి ఉంది. ఎనిమిదేళ్లు ఆయన చెయ్యి పట్టుకున్న చెయ్యి చేట అంచు పట్టుకుని ఉంది. బండి ఆ వాకిట్లోకే వచ్చింది. ఆమె ఇంకొక్క మాట గట్టిగా అని ఉంటే ఆయన ఎక్కేవాడేమో.

"లేదు చిన్నమ్మా," అన్నాను. "నేను పొడుగు చెప్పిన."

ఆమె చాలాసేపు పట్టి ఉంచిన ఊపిరి వదిలింది.

"నాకెర్కనే కొడుకా. ఆయన గట్లనె అన్నడు," అని మళ్లీ ఆకు అందుకుంది.